రేనాటి జొన్న: మెతుకులా, రొట్టెలా?

ప్రశ్న (నల్లకుంట): శ్రీనాథుని చాటువుగా ప్రసిద్ధమైన ‘గరళము మ్రింగితి ననుచున్’ పద్యంలో (విషం మింగానని గర్వించకు అంటూ శివుణ్ణి ఎత్తిపొడిచే పద్యం) చివరి పాదాన్ని మా పెద్దలు ‘మెరసెడి రేనాటి జొన్న రొట్టెలు తినుమీ’ అని చదివేవారు (రేనాడు అంటే నేటి రాయలసీమలోని ఒక ప్రాంతం). అచ్చుప్రతుల్లో ‘మెతుకులు’ అని కనిపిస్తోంది. సాయంత్రం మన వీధుల్లో జొన్నరొట్టెలు కాల్చేచోట నిలబడినప్పుడల్లా ఈ సందేహం వేధిస్తోంది. ఏది అసలు పాఠం?

అంబర్‌పేట: ‘రొట్టెలు’ భగణం (ఒక గురువు, రెండు లఘువులు) కనుక మాత్రలు సరిపోతాయి గానీ యతి చెడుతుంది. ఇది కందపద్యం; కందం నాలుగో పాదంలో మొదటి అక్షరానికి నాలుగో గణం తొలి అక్షరంతో మైత్రి కుదరాలి. ‘మెరసెడి’కి ‘మెతుకులు’ చక్కగా కుదురుతుంది, ‘రొట్టెలు’ కుదరదు. ఇందులో మరో మాటకు తావు లేదు.

సైదాబాద్: యతి పద్యపాఠాన్ని నిలబెడుతుందే తప్ప ఆనాటి రేనాటివారు రొట్టె ఎరుగరని చెప్పదు. ‘ఫుల్ల సరోజనేత్ర’ అనే మరో చాటువులో ‘జొన్నకూటితో మెల్లగ నొక్క ముద్ద’ అన్నది కూడా శ్రీనాథుని పేరనే ఉంది. దంచి వండితే మెతుకులు, పిండిని ఉడికించి కెలికితే ముద్ద. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు కనుక మరిగే నీళ్లు పోసి, అరచేత్తో బాగా మెదిపి, గుండ్రంగా తట్టి, పెనం మీద వేశాక పైభాగాన్ని తడిగుడ్డతో అద్దితే తప్ప రొట్టె విరగకుండా రాదు. వరి అన్నానికి అలవాటుపడిన కవికి అతిథిగా మెతుకులే ఎదురై ఉంటాయని నా నమ్మకం.

మల్కాజిగిరి: జొన్న ఈశాన్య ఆఫ్రికాలో సాగులోకి వచ్చి, క్రీస్తుకు పూర్వమే మన దేశం చేరిన పంట. దాని రొట్టెను మరాఠీవారు భాకరి అంటే, కన్నడిగులు మనలాగే రొట్టి అంటారు. సంస్కృతంలో 16వ శతాబ్దపు వైద్యగ్రంథం భావప్రకాశంలో రోటిక కనిపిస్తుంది. పాతబస్తీ నాన్, కుల్చాలు తమ పారసీ పేర్లతోనే నిలిచాయి గానీ, జొన్నరొట్టె మాత్రం కన్నడ సీమతో పంచుకున్న పేరుతో దక్కనులో పాతుకుపోయిందని నా అభిప్రాయం.

అంబర్‌పేట: రొట్టె కథ బాగుంది గానీ పాదంలో అసలు చిక్కు ‘మెరసెడి’ దగ్గర ఉంది. అది మెతుకులకు విశేషణమైతే తెల్లజొన్నల నిగనిగను చెబుతున్నాడు.

సైదాబాద్: నేను దాన్ని రేనాటికే అన్వయిస్తాను. పక్కనున్న పదాన్ని దాటించి మెతుకులదాకా లాగవలసిన పని లేదు.

అంబర్‌పేట: శివుని కంఠంలోని నల్లని గరళానికి ఎదురుగా తెల్లగా మెరిసే మెతుకులను నిలపడంలోనే పద్యానికి పస ఉంది. ఆ అన్వయాన్ని నేను వదులుకోలేను.