అడవి మీద ఆఖరి మాట ఎవరిది?

సందేహి:
2030 నాటికి నేలలో 30 శాతం, సముద్రంలో 30 శాతం సంరక్షణ కిందకి తేవాలని 2022లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పుకున్నాయి. అలాంటి చోట్ల చాలావాటిల్లో తరతరాలుగా మనుషులున్నారు. వాళ్లని సంప్రదించాలి, అందులో పేచీ లేదు. కానీ చివరి నిర్ణయం ప్రభుత్వానిదే ఉండాలని నా అభిప్రాయం. అంతరించిపోయే జంతువు ఒక్క ఊరి సొత్తు కాదు కదా. మీరేమంటారు?

కొండగాలి:
ప్రపంచ జీవవైవిధ్యంలో 80 శాతం ఆదివాసీల భూముల్లోనే ఉంది. ఇంకా చర్చ దేనికండీ?

లెక్కలమనిషి:
కొండగాలి గారూ, నేను మీ వైపే, కానీ ఆ 80 శాతం మాత్రం వాడకండి. దానికి ఆధారమే లేదని 2024లో నేచర్ పత్రికలో పరిశోధకులు రాశారు, వాళ్లలో ఆదివాసీలూ ఉన్నారు. అసలు జీవవైవిధ్యాన్ని అలా శాతాల్లో కొలవడమే కుదరదు. నిలబడే లెక్క కావాలంటే 2018 నాటిది ఉంది: 87 దేశాల్లో కనీసం 3.8 కోట్ల చదరపు కిలోమీటర్లు, అంటే నేలలో దాదాపు నాలుగో వంతు, ఆదివాసీల హక్కులోనో నిర్వహణలోనో ఉంది.

కొండగాలి:
సరే, వెనక్కి తీసుకుంటున్నా. ఎన్నేళ్లుగా చెబుతున్నానో తలుచుకుంటే సిగ్గేస్తోంది.
అయితే గ్వాటెమాలా చూడండి. మాయా బయోస్ఫియర్ రిజర్వులో 1990ల నుంచి కొన్ని అడవుల్ని 25 ఏళ్ల ఒప్పందం మీద ఊళ్లకిచ్చారు. కలప కొట్టుకోవచ్చు, లెక్క ప్రకారం. పక్కనే ఎవరూ చెట్టు ముట్టకూడని నేషనల్ పార్కులున్నాయి. పశువుల మేతకోసం తగలబడిపోయింది ఆ పార్కులే, ముఖ్యంగా లగూనా దెల్ తీగ్రే. ఊళ్ల చేతిలోని అడవి చాలావరకు నిలిచింది. అడవి పోతే తమ కూలీ పోతుందని తెలిసినవాడు రాత్రిపూట కూడా కాపలా కాస్తాడు.

సందేహి:
సగమే చెప్పారు. అందులో కొన్ని ఒప్పందాలు రద్దయ్యాయి. అక్కడ భూములు అమ్ముకున్నారు, పశువులు దిగాయి. ఇంకో వైపు ఉగాండాలోని బ్విండి చూడండి. 1991లో నేషనల్ పార్కు చేసి గట్టిగా కాపాడారు. మౌంటెన్ గొరిల్లాలు ఇప్పుడు, విరుంగా కొండలవీ కలిపి, వెయ్యి దాటాయి. 2018లో వాటిని అంతరించే ముప్పు అత్యంత ఎక్కువున్న జంతువుల జాబితా నుంచి ఒక మెట్టు తక్కువ ముప్పున్న జాబితాలోకి మార్చారు.

కొండగాలి:
ఆ పార్కు కోసం అక్కడి ఆదివాసీలైన బట్వాలను అడవిలోంచి వెళ్లగొట్టారని కూడా రాయండి. తిండీ, మందూ, దేవుడూ అన్నీ ఆ అడవిలోనే ఉన్నవాళ్లు. చాలామందికి పరిహారం లేదు, సెంటు భూమి లేదు.

పొయ్యిగట్టు:
ఇద్దరూ 'ఊరు' అంటున్నారు. ఊళ్లో ఎవరు? నేపాల్ 1993 చట్టంతో అడవుల్ని వాడుకరి సంఘాలకిచ్చింది, అవి ఇప్పుడు ఇరవై వేలు దాటాయి. కొండలు మళ్లీ పచ్చబడ్డాయి. జనం వలస పోవడం కూడా ఒక కారణమనుకోండి. అయితే మొదట్లో చాలా కమిటీలు కట్టెలు, మేత బంద్ చేశాయి. నిర్ణయం చేసినవాళ్లు భూమున్న మగవాళ్లు. కట్టెల కోసం ఇంకో గంట నడిచింది ఆడవాళ్లు. అధికారం ఊరికి దిగితే సరిపోదు, ఊళ్లో కూడా దిగాలి.

నదిఒడ్డు:
ఇలాంటి 'సంప్రదింపు' మీటింగుల్లో నోట్సు రాసే పని రెండేళ్లు చేశాను. మేం వెళ్లేసరికే మ్యాపు ప్రింటై, హద్దులు గీసి, గోడకి అంటించి ఉండేది. ఒక ముసలాయన లేచి, ఆ వాగు ఎండాకాలంలో ఇటు తిరుగుతుంది, చేపలు గుడ్లు పెట్టేది ఇక్కడ, మీ గీత తప్పు అన్నాడు. రాసుకున్నాను. గీత మారలేదు. సంతకాల పుస్తకం తిప్పాం, భోజనాలు పెట్టాం, ఫొటో తీశాం. రిపోర్టులో 'స్థానికుల భాగస్వామ్యంతో' అని టైపు చేసింది నేనే.
అందుకే సందేహి గారూ, 'సంప్రదిద్దాం, నిర్ణయం మాదే' అన్న మాట నాకు మింగుడుపడదు. వద్దనే హక్కు లేనివాడిని అభిప్రాయం అడగడం మర్యాద మాత్రమే.

సందేహి:
గుచ్చుకుంది. కానీ ఇద్దరికీ వద్దనే హక్కుంటే పని ఆగిపోదా?

నదిఒడ్డు:
ఆగుతుంది. కెనడాలో గ్వాయ్ హానస్ దీవుల ఒప్పందం (1993) అలాగే రాసుకున్నారు. అక్కడి ఆదివాసీలైన హైడా ప్రజల ప్రతినిధులు, ప్రభుత్వ ప్రతినిధులు సమాన సంఖ్యలో కూర్చుంటారు. ఏకాభిప్రాయం రాకపోతే ఆ విషయం పక్కన పెట్టి, రెండు వైపులా పైవాళ్లకి పంపుతారు. తమాషా ఏంటంటే, భూమి ఎవరిదన్న తగాదా అప్పటికి తేలనే లేదు. ఒప్పందంలో ఒక వైపు హైడాల వాదన, పక్కనే కెనడా వాదన, రెండూ అచ్చువేసి సంతకాలు పెట్టేశారు.

సందేహి:
ఆ రెండు వాదనలూ పక్కపక్కన ఉన్న పేజీ దొరికితే ఇక్కడ పెట్టండి. చదివాక మాట్లాడతాను.