లిథియం వాడే బైపోలార్ పేషెంట్లలో టెలోమియర్ కొలత: రీడింగులు కుదరడం లేదు

కొత్త_క్యూపీసీఆర్
బైపోలార్ టైప్ 1 పేషెంట్ల తెల్లకణాల డీఎన్ఏతో, క్యూపీసీఆర్ (డీఎన్ఏను రెట్టింపు చేస్తూ కొలిచే పద్ధతి)లో టీ/ఎస్ నిష్పత్తి చూస్తున్నాం, అంటే క్రోమోజోమ్ చివరలైన టెలోమియర్ల డీఎన్ఏ ఒక మామూలు జీన్‌తో పోలిస్తే ఎంతుందో. ఒకే శాంపిల్‌ను ప్లేటులోని మూడు వెల్స్‌ (గుంటలు)లో పెడితే 15 శాతం దాకా తేడా. కొన్నైతే అసలు యాంప్లిఫై (డీఎన్ఏ రెట్టింపు) అవ్వట్లేదు. టెలోమియర్ పొట్టిగా వస్తే మెదడు కణాలు చచ్చిపోతున్నాయని రాయొచ్చా?

బెంచి_నాలుగు
యాంప్లిఫై కానివాటికి ముందు ట్యూబు మూత రంగు చూడండి. ఆకుపచ్చదైతే హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వేసేది). డీఎన్ఏతో పాటే వచ్చి, డీఎన్ఏను రెట్టింపు చేసే ట్యాక్ ఎంజైమ్‌ను ఆపేస్తుంది. ఊదా మూత ఈడీటీఏ ట్యూబే వాడాలి. లిథియం హెపారిన్ ట్యూబులో లిథియం లెవల్ పంపితే అదీ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది.

15 శాతమంటే సీటీ (సిగ్నల్ కనిపించే సైకిల్ సంఖ్య)లో 0.2 తేడా, అంతే. కానీ లెక్కేయండి: సుమారు 7000 బేస్ పెయిర్ల (డీఎన్ఏ మెట్ల) టెలోమియర్‌లో 15 శాతం వెయ్యి పైనే. తెల్లకణాల్లో ఏడాదికి తరిగేది 20–40 బేస్ పెయిర్లు. అంటే పాతికేళ్ల వయసు పిపెట్ తప్పులో కొట్టుకుపోతోంది! అన్ని డీఎన్ఏలనూ ఒకే గాఢతకు, 5 నానోగ్రాములు/మైక్రోలీటరుకు తెచ్చి, మాస్టర్ మిక్స్ ఒక్కసారే కలపండి. ప్రతి ప్లేటులోనూ అదే పూల్డ్ (చాలామందిది కలిపిన) డీఎన్ఏను అంచెలంచెలుగా పలచన చేసి స్టాండర్డ్ కర్వ్ పెట్టండి, స్లోప్ -3.3 దగ్గర ఉండాలి. పేషెంట్లు ఒక ప్లేటు, కంట్రోల్స్ ఒక ప్లేటు అని మాత్రం పెట్టొద్దు. ఎక్స్‌ట్రాక్షన్ కిట్ కూడా అందరికీ ఒకటే.

సైకియాట్రీ_పీజీ
లిథియం వాడేవాళ్లను, వాడనివాళ్లను కలిపేస్తే మీ ఫలితం తారుమారే. 2013లో స్వీడన్ అధ్యయనంలో 30 నెలలు దాటి వాడినవాళ్లలో, వాడకం పెరిగేకొద్దీ టెలోమియర్లూ పొడవుగా కనిపించాయి. ఇందులో ఒక మెలిక ఉంది: లిథియం న్యూట్రోఫిల్స్‌ (ఒక రకం తెల్లకణాలు)ను పెంచుతుంది, వాటి టెలోమియర్లు మరో రకమైన లింఫోసైట్లవాటితో సమానం కావు. డిఫరెన్షియల్ కౌంట్ (ఏ రకం తెల్లకణాలు ఎన్నో) లేకపోతే మందు ప్రభావమా, కణాల పాళ్ల మార్పా తేలదు. వయసు, పొగతాగడం, బీఎంఐ సరేసరి. లిథియం లెవల్ కోసం రక్తం ఆఖరి డోసు తర్వాత 12 గంటలకే తీయించండి.

గ్లియా_వైపు
మెదడు కణాల ప్రశ్నకు: రాయకండి. న్యూరాన్లు విభజన చెందవు, కాబట్టి తెల్లకణాల్లోలా విభజనతో టెలోమియర్ అరగడం వాటికి వర్తించదు. తెల్లకణం టెలోమియర్ తరిగితే న్యూరాన్ చచ్చినట్టు కాదు. కణమరణం గురించే చెప్పాలంటే చూడాల్సింది కణాన్ని కాపాడే బీసీఎల్-2కీ చంపే బ్యాక్స్‌కీ మధ్య తూకం, మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్ సీ బయటికి రావడం, కణాన్ని కూల్చే ఎంజైములు క్యాస్పేజ్-9, ఆపైన క్యాస్పేజ్-3. లిథియం జీఎస్‌కే-3 ఎంజైమ్‌ను అణిచేస్తుందని 1996లోనే తేలింది. ఎలుకల ఫ్రంటల్ కార్టెక్స్‌లో బీసీఎల్-2 పెరగడమూ చూశారు. ఇక మనుషుల్లో, 1998 పోస్ట్‌మార్టమ్ పరిశీలనలో సబ్‌జెన్యువల్ ప్రీఫ్రంటల్ ప్రాంతం (మెదడు ముందు భాగం)లో తగ్గినవి గ్లియా (న్యూరాన్లకు తోడుండే కణాలు), న్యూరాన్లు కావు. ఆ తేడా చాలా వ్యాసాలు మింగేస్తాయి.

కొత్త_క్యూపీసీఆర్
వార్డు నుంచి వచ్చినవి ఆకుపచ్చ మూతవే సర్. పారేయాలా?

బెంచి_నాలుగు
మళ్లీ రక్తం తీయగలిగితే అదే మేలు. కుదరకపోతే హెపారినేజ్ (హెపారిన్‌ను విరిచే ఎంజైమ్) వేసి, రెండు డైల్యూషన్లలో నడపండి. పది రెట్లు పలచన చేస్తే సీటీ సుమారు 3.3 పెరగాలి, అంత పెరగలేదంటే నిరోధకం ఇంకా ఉన్నట్టే, ఆ శాంపిల్ వదిలేయండి.