కిపింగ్ ఆకు నుంచి ఊడి రావడం లేదు, విరిగిపోతోంది

మేం ఫిలిప్పీన్స్‌లో కెజోన్ ప్రావిన్స్‌లోని లుసెనాలో ఉంటున్నాం. దగ్గర్లోని లుక్బాన్‌లో మే 15న పహియాస్ పండగ జరుగుతుంది. రైతుల్ని కాచే సెయింట్ శాన్ ఇసిద్రోకి మొక్కుగా ఇళ్ల ముందు వరి కంకులు, కూరగాయలు, వాటి మధ్య కిపింగ్ గుత్తులు వేలాడదీస్తారు. బియ్యప్పిండిని ఆకు మీద పూసి, ఆవిరి పట్టి తీసే రంగురంగుల రేకే కిపింగ్. పూతరేకులు చూసి పెరిగినదాన్ని కదా, ఇదెంత పని అనుకున్నాను. మూడు వారాలుగా ఒక్కటీ నిండుగా రాలేదు.

బియ్యం రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, దోసెల పిండి కన్నా కాస్త పలుచగా చేస్తున్నాను. చిటికెడు ఉప్పు, ఫుడ్ కలర్ అంతే. కాఫీ ఆకు దొరక్క బాదం ఆకు వాడుతున్నాను (ఇక్కడ తలిసాయ్ అంటారు). ఆవిరి రెండు నిమిషాలు. వేడిగా లాగితే జిగురుగా సాగి చిరుగుతోంది. రాత్రంతా నీడన ఆరబెట్టి తీస్తే నడి ఈనె దగ్గర టక్కుమని రెండు ముక్కలవుతోంది. అంచులు మాత్రం చక్కగా, సన్నటి ఈనెలతో సహా అచ్చు పడుతున్నాయి, అదే నన్ను ఇంకా ఉడికిస్తోంది!

ఆకుకి నూనె రాస్తే పిండి జారిపోయింది. పావు వంతు జిగట బియ్యం కలిపితే అసలు ఊడలేదు. ఆవిరి ఐదు నిమిషాలకి పెంచినా తేడా లేదు. ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ, ఫ్యాన్ కింద పెడితే అంచులు ముడుచుకుంటున్నాయి.

కిపింగ్ గానీ, ఇలా ఆకు మీద పూసే వడియాలు గానీ చేసినవాళ్లు చెప్పండి: ఆవిరి మీంచి దించాక ఎంతసేపటికి ఆకు ఒలవాలి?