ఇంగ్లీషు వ్యాసంలో మన గోదావరి పోలికలు: మార్కు వెయ్యాలా, ఎర్రగీత గియ్యాలా?

కాలవగట్టు
తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పేపర్లో ఈ మూడు వాక్యాలు వచ్చాయనుకోండి.

“హర్ వాయిస్ ఈజ్ స్వీట్ లైక్ కుకూ.”
“హిజ్ పర్స్ వాజ్ యాజ్ డ్రై యాజ్ ఎ డెల్టా కెనాల్ ఇన్ మే.”
“మై అంకుల్స్ యాంగర్ క్రాస్డ్ ద థర్డ్ వార్నింగ్.”

గైడులో ఉన్న “యాజ్ బ్రేవ్ యాజ్ ఎ లయన్, యాజ్ బిజీ యాజ్ ఎ బీ” పట్టిక బట్టీ పట్టించడమే క్షేమమని కొందరి వాదన. పిల్లలు రోజూ చూసే కాలవలు, లంకలు, వరదలే రాయనివ్వాలని ఇంకొందరిది. ఇంగ్లీషు చెప్పేవాళ్ళు, పేపర్లు దిద్దేవాళ్ళు చెప్పండి మరి.

ఎర్రసిరా
మొదటిదానికీ మూడోదానికీ గీతే. రెండోది పోనీలెమ్మని వదిలేస్తాను.

“లైక్ కుకూ”లో రెండు తప్పులు. ముందు “ఎ” లేదు. లెక్కపెట్టగలిగేది ఒక్కటే ఉంటే “లైక్ ఎ లయన్”, “యాజ్ స్లో యాజ్ ఎ స్నెయిల్” అనాలి. లెక్కకందనివాటికి అక్కర్లేదు, అందుకే “యాజ్ వైట్ యాజ్ స్నో”. తెలుగులో “సింహంలా” అంటే సరిపోతుంది కాబట్టి మనవాళ్ళ చేతిలో ఈ “ఎ” ఎప్పుడూ జారిపోతుంది. ఇంతకన్నా ఘోరం “హి లైక్స్ లయన్”. “ఈజ్” ఎగిరిపోయి “లైక్” క్రియ అయి కూర్చుంటుంది, సింహంలాంటివాడు కాస్తా సింహాన్ని ఇష్టపడేవాడవుతాడు. “లైక్” బదులు “యాజ్” పెట్టినా అర్థం మారిపోతుంది: “హి వర్క్స్ యాజ్ ఎ కూలీ” అంటే ఆయన కూలీయే, “లైక్ ఎ కూలీ” అంటే కూలీలా కష్టపడుతున్నాడని.

రెండో తప్పు పిట్టది. వాడుక ఇంగ్లీషులో ఎవరినైనా కుకూ అంటే కాస్త పిచ్చివాడని. గొంతు తీపికి వాళ్ళ ఉపమానం నైటింగేల్. పట్టికలో ఉన్నది రాస్తే ఈ గొడవే లేదు. ఇక థర్డ్ వార్నింగ్ అంటే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 17.75 అడుగులకి చేరితే ఇచ్చే మూడో హెచ్చరికని మనకి తెలుసు. ఆ పేపరు కర్నూల్లో దిద్దితే?

సార్వా దాళ్వా
పట్టికతో మార్కులొస్తాయండి, రాయడం రాదు. పిల్లల దగ్గర ఇంతకన్నా మంచి పనిముట్టు ఉంది, అదీ తెలుగు క్లాసులో నేర్చుకున్నదే. ఉపమాలంకారానికి నాలుగు భాగాలు: ఉపమేయం, ఉపమానం, ఉపమావాచకం, సమానధర్మం. దాన్నే ఇంగ్లీషు మీద పెట్టి చూడండి. రెండో వాక్యంలో పర్సు ఉపమేయం, మే నెల కాలవ ఉపమానం, యాజ్–యాజ్ ఉపమావాచకం, డ్రై సమానధర్మం. నాలుగూ వాక్యంలోనే ఉన్నాయి, పూర్ణోపమ. వేసవిలో మరమ్మతులకి కాలవలు కట్టేస్తారని తెలియని లండన్ మనిషికి కూడా “డ్రై” అన్న మాట దారి చూపిస్తుంది. మూడో వాక్యంలో కోపం ఒక్కటే కనిపిస్తోంది. వాచకం లేదు, ధర్మం లేదు, ఆ వార్నింగ్ ఏ నదిదో కూడా లేదు. మొత్తం బరువు చదివేవాడి నెత్తిన పెట్టేశాం.

కాబట్టి నా లెక్క ఇదీ: ఉపమానం ఎంత మన ఊరిదైతే సమానధర్మాన్ని అంత విప్పి చెప్పాలి. “యాజ్ థిన్ యాజ్ ఎ పూతరేకు” నిలబడుతుంది, ఆత్రేయపురం పేరు వినని వాడికీ “థిన్” చాలు. “మై బ్రదర్ ఈజ్ ఎ పులస” నిలబడదు. ఖరీదైనవాడా, అరుదైనవాడా, ఎదురీదేవాడా? మనకే తేలదు. “లైక్ ద పులస దట్ లీవ్స్ ద సీ అండ్ ఫైట్స్ ఇట్స్ వే అప్ ద గోదావరి” అంటే తేలిపోతుంది.

క్లాసులో చేయించే పద్ధతి చెబుతాను. ముందు గుణం రాయించాలి, వస్తువు కాదు. చాలామంది ఇక్కడే తిరగేస్తారు, అందమైన వస్తువు ఒకటి పట్టుకొచ్చి దానికి గుణం వెతుకుతారు. తర్వాత ఆ గుణం బాగా ఉన్న, వేరే జాతి వస్తువులు మూడు రాయించాలి. వాక్యం రాశాక గుణం మాట చెరిపేసి పక్కబెంచీ వాడికి చూపించాలి. వాడు అదే గుణం చెప్పాడా, “యాజ్” పీకేసి మెటఫర్‌గా, అంటే “లా” అనకుండా అదే ఇది అనే పోలికగా మార్చొచ్చు. వేరేది చెప్పాడా, సిమిలీగానే, అంటే లైక్, యాజ్ ఉన్న పోలికగానే ఉంచి గుణాన్ని వెనక్కి తెచ్చుకోవాలి.

ఎర్రసిరా
పరీక్ష బాగుంది గానీ పక్కబెంచీ వాడిదీ అదే ఊరు కదండీ! థర్డ్ వార్నింగ్ ఇద్దరికీ తెలుసు, కాబట్టి మీ పరీక్షలో అది దర్జాగా పాసైపోతుంది.

ఇంకోటి. గుణం విప్పి చెప్పినా కొన్నిటికి మోక్షం లేదు. “షి వాక్స్ యాజ్ గ్రేస్‌ఫుల్లీ యాజ్ యాన్ ఎలిఫెంట్” చూడండి. నాలుగు భాగాలూ ఉన్నాయి, ధర్మం గ్రేస్ అని తేటగా చెప్పాం. అయినా ఇంగ్లీషు చదివేవాడు అది వెటకారమే అనుకుంటాడు, ఎందుకంటే వాళ్ళకి ఏనుగు నడక మోటుతనానికి గుర్తు. చందమామలాంటి ముఖం అంటే గుండ్రంగా ఉబ్బిన ముఖం. స్టెరాయిడ్లు ఎక్కువ కాలం వాడినవాళ్ళ ముఖవాపుని డాక్టర్లు మూన్ ఫేస్ అనే అంటారు. గుడ్లగూబ మనకి అపశకునం, వాళ్ళకి తెలివి. వీటిని మీ నాలుగు భాగాల లెక్క పట్టదు.

సార్వా దాళ్వా
ఏనుగు దగ్గర మీ మాటే నిజం. పక్కబెంచీ సంగతికి మందు ఉంది: గోదావరి చూడని చుట్టాన్ని ఒకర్ని మనసులో పెట్టుకుని గుణం చెప్పమనాలి, లేదా వేరే జిల్లా నుంచి వచ్చిన టీచరుకి చూపించాలి. బట్టీ పట్టించాల్సిన పట్టికంటూ ఉంటే అది సింహాలూ తేనెటీగలూ కాదు, ఇలా అడ్డం తిరిగేవి. వాటిలో చలువ, వేడి ముందుండాలి. మనకి చల్లని మాట, చల్లని చూపు దీవెనలు. వాళ్ళకి “కోల్డ్ లుక్” అంటే ముఖం తిప్పుకున్నట్టు, “వార్మ్ వెల్కమ్” అంటే ఆదరణ. ఎండలు మండే నేలకి నీడ సుఖం, మంచు కురిసే దేశానికి నెగడు సుఖం. ఈ కారణం చెబితే పిల్లలు మళ్ళీ మరిచిపోరు.

పంటు రేవు
మీరిద్దరూ లైక్, యాజ్ దగ్గరే పడవ కట్టేశారు. పిల్లలు నిజంగా దెబ్బతినేది క్రియల దగ్గర. ప్యాసేజీలో “ద రోడ్ స్నేక్స్ త్రూ ద కోకనట్ గ్రోవ్స్” అని ఉంటే కొబ్బరితోటల్లో పాములున్నాయని జవాబు రాస్తారు. “హి వుల్ఫ్‌డ్ డౌన్ హిజ్ లంచ్”, “షి పారటెడ్ ది ఆన్సర్”, “ప్రైసెస్ రాకెటెడ్”: వీటిలో లైకూ లేదు, యాజూ లేదు. నామవాచకమే క్రియగా మారి పోలికని లోపల దాచేసుకుంది. గుర్తుపట్టాలంటే రెండు ప్రశ్నలు చాలు. ఈ పని మామూలుగా చేసేది ఎవరు? వాళ్ళు చేసే తీరులో ఇక్కడికి పనికొచ్చేది ఏది? “ద బస్ క్రాల్డ్” తీసుకోండి. పాకేది పసిబిడ్డ, పురుగు. బస్సు పాకదు. పాకడంలో ఇక్కడికి కావలసింది నెమ్మది. అంతే, నాలుగు కాళ్ళు అక్కర్లేదు.

రాసేటప్పుడు వెనక వచ్చే చిన్నమాట కూడా కలిపి నేర్పాలి: స్నేక్స్ త్రూ, వుల్ఫ్ డౌన్, పోర్ ఇంటూ. అన్ని జంతువులూ క్రియలు కావు. “హి లయన్డ్” అనేది లేదు. నిఘంటువులో ఆ మాటకి క్రియ అన్న గుర్తు ఉందో లేదో చూసుకోవాలి. తెలుగులో ఈ అలవాటు లేదు కాబట్టి ఎక్కువ సాధన కావాలి.

గోదారొడ్డు
లేదా? మన పేపరు తిరగెయ్యండి: పుష్కరాలకి జనం పోటెత్తారు, ధరలు మండిపోతున్నాయి, ఆయన నోరు జారాడు. పోటెత్తేది సముద్రం, మండేది నిప్పు. 2027లో మళ్ళీ పుష్కరాలొస్తే అదే హెడ్డింగు మళ్ళీ చూస్తారు. ఈ మూడూ బోర్డు మీద రాసి “ఇవి నిజంగా చేసేది ఎవరు” అని మీ ప్రశ్నే అడిగితే పిల్లలు టకటకా చెబుతారు. ఆ తర్వాత “పీపుల్ పోర్డ్ ఇంటూ ద ఘాట్” పెట్టండి.

పంటు రేవు
ఒప్పుకున్నాను, “లేదు” అన్నది ఎక్కువే. నా మాట ఇలా సరిచేస్తాను: మనది క్రియని అరువు తెచ్చుకోవడం, వాళ్ళది పామునీ తోడేలునీ నేరుగా క్రియ చేసేయడం. మొదటిది పిల్లలకి తెలిసిందే, రెండోదే కొత్త. మీరు చెప్పిన వరస మంచిది.

కొబ్బరాకు
మధ్యలో చిన్న సందేహం. “రాజమండ్రి ఈజ్ యాజ్ హాట్ యాజ్ విజయవాడ” సిమిలీ అవుతుందా? యాజ్–యాజ్ ఉందిగా.

సార్వా దాళ్వా
కాదండి. రెండూ ఊళ్ళే, ఇది ఉత్త కొలత. “రాజమండ్రి ఈజ్ యాజ్ హాట్ యాజ్ యాన్ అవెన్” అంటే సిమిలీ. ఉపమేయం, ఉపమానం వేరు వేరు జాతులవి కావాలి.

పాత తాటాకు
తెలుగు అలంకారాలతో చెప్పండి గానీ “సిమిలీ అంటే ఉపమ, మెటఫర్ అంటే రూపకం” అని సమానం గుర్తు మాత్రం పెట్టకండి. గ్రీకు వీరుడు అకిలీస్ గురించి “సింహంలా దూకాడు” అంటే సిమిలీ, “సింహం దూకింది” అంటే మెటఫర్ అని అరిస్టాటిల్ ఉదాహరణ. ఆ రెండోదాంట్లో ఉపమేయం పేరే లేదు. మన లెక్కలో అది రెంటినీ చెప్పి ఒకటేననే రూపకం కాదు, ఉపమానం ఒక్కటే చెప్పే రూపకాతిశయోక్తి. అటు “యాజ్ ఇఫ్”, “యాజ్ దో” వాక్యాలని ఇంగ్లీషు పుస్తకాలు సిమిలీలో కలిపేస్తాయి. మనం వాటిలో చాలావాటిని ఉత్ప్రేక్ష, అంటే ఒకదాన్ని ఇంకొకటేమో అని ఊహించడం అంటాం. ఇంగ్లీషులో గదులు రెండే, మనకి చాలా. ఇంగ్లీషులోనూ భాగాలకి పేర్లు లేక కాదు, ఇంగ్లీషు విమర్శకుడు ఐ.ఎ. రిచర్డ్స్ 1936లో ఉపమేయాన్ని టెనర్ అనీ ఉపమానాన్ని వెహికల్ అనీ అన్నాడు. హైస్కూలు పిల్లలకి ఆ పేర్లు చెప్పాల్సిన పని లేదు.

ఎర్రసిరా
మెటఫర్ల సంగతి వచ్చింది కాబట్టి: దిద్దేటప్పుడు ఎక్కువ గీతలు పడేది కలగాపులగం దగ్గర. “సీడ్స్ ఆఫ్ డౌట్ ఫ్లడెడ్ హిజ్ మైండ్.” విత్తనం మొలకెత్తుతుంది, ముంచెత్తదు. ఒక వాక్యంలో ఒక బొమ్మే ఉండాలి, క్రియ ఆ బొమ్మకి తగ్గదే కావాలి.

కాలవగట్టు
అయితే నా మూడు వాక్యాలూ ఎలా దిద్దాలో చెప్పి పుణ్యం కట్టుకోండి.

సార్వా దాళ్వా
రెండోది అలాగే ఉంచండి. మొదటిది: “హర్ వాయిస్ ఈజ్ యాజ్ స్వీట్ యాజ్ ఎ కోయల్స్ సాంగ్.” మన కోకిలకి ఇంగ్లీషులో కోయల్ అన్న పేరుంది. గొంతుని పిట్టతో కాక పిట్ట పాటతో పోల్చాం, అదీ సరిపోయింది. మూడోది: “మై అంకుల్స్ యాంగర్ రోజ్ లైక్ ద గోదావరి ఇన్ ఆగస్ట్, పాస్ట్ ద ఫస్ట్ వార్నింగ్, పాస్ట్ ద సెకండ్, అండ్ వెన్ ఇట్ క్రాస్డ్ ద థర్డ్, వి ఆల్ లెఫ్ట్ ద హౌస్.” నదీ వచ్చింది, పెరగడమూ వచ్చింది, మూడోది దాటితే ఏమవుతుందో కూడా వచ్చింది. కర్నూలాయనకీ అందుతుంది.

ఎర్రసిరా
ఇలా రాస్తే గీత గియ్యను, మార్కు వేస్తాను. కానీ లెక్కపెట్టాను, ఇరవై ఏడు మాటలు. నూట ఇరవై మాటల వ్యాసంలో బాబాయి కోపానికే ఇంత పోతే, పిల్లాడు మిగతా కథ ఎక్కడ రాస్తాడండీ?