ఫ్లాట్‌లో ఆదివారం ఆరాధన, పక్కవాళ్ల అభ్యంతరం – ఏం చేయాలి?

ప్రశ్న: అందరికీ వందనాలు. హైదరాబాద్ నిజాంపేటలో అద్దె ఫ్లాట్‌లో ఎనిమిది నెలలుగా గృహ కూడిక (ఇంట్లోనే క్రైస్తవ ఆరాధన) జరుపుతున్నాం. మూడు కుటుంబాలతో మొదలైంది, ఇప్పుడు ముప్పై మంది దాకా వస్తున్నారు. ఎక్కువమంది గోదావరి, గుంటూరు వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లే. చెప్పులు మెట్ల మీద, బండ్లు వేరేవాళ్ల పార్కింగ్‌లో, పైగా డోలక్ మోత అని అసోసియేషన్ వాళ్లు గొడవ పెట్టారు. ఓనరు గారూ ఫోన్ చేశారు. ఒకటే టెన్షన్. హాలు తీసుకోవాలా? రిజిస్ట్రేషన్ చేయించాలా?

జవాబు: బ్రదర్, కూకట్‌పల్లిలో మేమూ ఇదే పడ్డాం. ముందు ఆ స్పీకర్ ఉంటే తీసేయండి, ముప్పై మందికి మైకు దేనికి? 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 మించకూడదు. లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి. మా కింద ఫ్లాట్ పెద్దాయన ప్రతివారం పోట్లాడేవారు. ఒకరోజు టీకి పిలిస్తే అసలు సంగతి తెలిసింది. వాళ్లబ్బాయిది నైట్ షిఫ్ట్, పదకొండు దాకా పడుకుంటాడు. పాటలు పదకొండున్నరకు మార్చాం, చెప్పులు గోనెసంచిలో వేసి బాల్కనీలో పెట్టించాం. ఆ తర్వాత ఆయన మళ్లీ పైకి రాలేదు.

రిజిస్ట్రేషన్ తొందర డబ్బు విషయంలోనే. కానుకలు మీ సొంత ఫోన్‌పేలో పడుతుంటే ఇవాళే ఆపండి. తెలంగాణలో 2001 చట్టం కింద సొసైటీగా రిజిస్టర్ చేయించడానికి ఏడుగురు సభ్యులుంటే చాలు. విదేశాల నుంచి ఎవరైనా కానుక పంపుతామంటే మాత్రం ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా రూపాయి ముట్టుకోవద్దు.

ఇంకో జవాబు: హాలు అడ్వాన్సు కట్టేముందు సంక్రాంతి ఆదివారం ఎంతమంది వస్తారో చూడండి అన్నయ్యా! మాకు ఆ వారం ఆరుగురే మిగిలారు, అద్దె మాత్రం నిండుగా కట్టాం. హాస్టళ్ల గేటు దగ్గర కరపత్రాలు పంచడం కూడా ఆపేశాం. వార్డెన్ల దగ్గర చెడ్డపేరు తప్ప ఏం రాలేదు. మన విశ్వాసం చెప్పుకోవచ్చు కానీ ఎదుటివాళ్లను మతం మార్చే హక్కు అందులో లేదని 1977లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మా కూడికకు వచ్చే హాస్టల్ అమ్మాయిలు జ్వరమొచ్చిన రూమ్‌మేట్‌కు గంజి కాచి ఇస్తారు. అప్పుడు ప్రార్థన ఊసెత్తొద్దని నేనే చెప్పాను.

అడిగినవారు: థ్యాంక్స్ అండీ. మాకు కింద ఫ్లాట్ వాళ్ల పేరు కూడా తెలియదని ఇప్పుడే గుర్తొచ్చింది. సాయంత్రం వెళ్తున్నాం.