ఎంపీలకు ‘ఇన్నిసార్లే’ అన్న పరిమితి: చట్టం ఎలా రాస్తే నిలుస్తుంది?

కోనసీమ_ఓటరు: ఎంపీగా రెండు మూడుసార్లకు మించి ఉండకూడదన్న నియమం మన దగ్గర తేవాలంటే రాజ్యాంగ సవరణ తప్పదా? ఇప్పటికే అమల్లో ఉన్నచోట ఏమైంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

అధికరణం84: సవరణ లేకుండానే చేయొచ్చని వాదించడానికి ఆధారం ఉందండీ. 84(సి), 102(1)(ఇ) అధికరణాలు అర్హతలు, అనర్హతలు చట్టంతో చేర్చే అధికారం పార్లమెంటుకు ఇచ్చాయి. అంటే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఒక సెక్షన్. హర్యానా పంచాయతీల్లో ఇద్దరికి మించి పిల్లలుంటే అనర్హులన్న నిబంధనను సుప్రీంకోర్టు 2003లో జావేద్ కేసులో సమర్థించింది. అయినా అది పంచాయతీల సంగతి, లోక్‌సభకు తెస్తే 14వ అధికరణం (సమానత్వ హక్కు) కింద సవాలు ఖాయం.

అమెరికాలో ఈ వెసులుబాటు లేదు. ఆర్కాన్సా రాష్ట్రం తన కాంగ్రెస్ సభ్యులకు 1992లో పెట్టుకున్న పరిమితిని సుప్రీంకోర్టు 1995లో 5–4తో కొట్టేసింది. అదే ఏడాది ప్రతినిధుల సభలో ఇందుకోసం తెచ్చిన రాజ్యాంగ సవరణకు 227 ఓట్లే పడ్డాయి. సభ మొత్తం ఓటేస్తే మూడింట రెండొంతులంటే 290.

మనీలా_తెలుగు: ఫిలిప్పీన్స్‌లో 1987 రాజ్యాంగం ప్రకారం ప్రతినిధికి వరసగా మూడుసార్లు, ఒక్కోసారి మూడేళ్లు. మధ్యలో రాజీనామా చేసినా లెక్క తెగదు, అంతవరకు జాగ్రత్తగానే రాశారు. చిక్కంతా ‘వరసగా’ అన్నచోటే. తొమ్మిదేళ్లయ్యాక భార్యో కొడుకో ఆ సీట్లో కూర్చుంటారు, మూడేళ్లకు పెద్దాయన మళ్లీ వస్తాడు. వారసత్వ రాజకీయాలను నిషేధించాలని అదే రాజ్యాంగంలో ఉంది కానీ, ‘చట్టం నిర్వచించినట్లు’ అని వదిలేశారు. ఆ చట్టం రానేలేదు.

కోనసీమ_ఓటరు: జీవితాంతానికి కలిపి పరిమితి పెడితే?

అధికరణం84: తిరిగి రావడం ఆగుతుంది, కుటుంబం ఆగదు. ఇంకోటి, మెక్సికోను చూడండి. 1933 నుంచి వరసగా రెండోసారి పోటీ నిషేధం. మళ్లీ జనం ముందుకు వెళ్లే పని లేదు గనక తర్వాతి పదవి ఇచ్చే పార్టీ పెద్దల మాటే సభ్యుడికి ముఖ్యమైపోయింది. 2014లో సడలించారు, 2025లో మళ్లీ నిషేధించారు, 2030 నుంచి అమలు.

లెక్కల_మాస్టారు: మన దగ్గర ‘మూడుసార్లు’ అని రాస్తే మాత్రం పెద్ద అన్యాయం జరుగుతుంది. 1996, 1998 లోక్‌సభలు రెండూ కలిపి మూడేళ్లు కూడా నడవలేదు. 1996, 1998, 1999లో గెలిచినవారి కోటా 2004కే అయిపోయేది. ‘మొత్తం 15 ఏళ్లు’ అని రాయాలి. రాజ్యసభ ఆరేళ్లనూ అందులోనే కలపాలి, లేకపోతే ఈ సభ అయ్యాక ఆ సభ. ఉప ఎన్నికలో గెలిస్తే ప్రమాణం చేసిన రోజు నుంచి లెక్క.

మనీలా_తెలుగు: 15 ఏళ్లు సభ మధ్యలో నిండితే సీటు ఖాళీ అవుతుందా? ఆ పరిమితి నామినేషన్ నాటికే చూడాలని రాయండి, లేకపోతే దేశమంతా ఉప ఎన్నికలే.