బడి మూతపడిన కాలంలో తప్పిన టీకాలను బడిలోనే వేయించవచ్చా?

ప్రశ్న: ప్రధానోపాధ్యాయుడు, తెలంగాణ (సెప్టెంబరు 2021)

మా చిన్న తరగతులకు 2020 మార్చిలో మూతపడిన బడి ఈ నెల 1న తెరుచుకుంది. చేరిన పిల్లల టీకా కార్డులు తెప్పించి చూస్తే, ఐదేళ్లకు వేయించవలసిన డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా) బూస్టరు గడి చాలామందికి ఖాళీగానే ఉంది. ఒక తల్లి బియ్యం డబ్బా అడుగు నుంచి తీసి ఇచ్చిన కార్డు మడతల దగ్గర చిరిగిపోయింది. ఏడాదిన్నర వయసు నాటి టీకా తర్వాత అందులో ఒక్క తేదీ లేదు. ఆరోగ్య ఉపకేంద్రం నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది, కూలికి వెళ్లేవారు టీకాల రోజున పని మానుకోలేరు. ఇప్పుడు బడిలో శిబిరం పెట్టమని అడగడం సబబేనా, లేక గుంపు చేరుతుందని ఆగాలా?

జవాబు: ఏఎన్‌ఎం (ఉపకేంద్రంలో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త)

మాస్టారు గారూ, దయచేసి ఆగకండి. డీపీటీ ఏడేళ్లు నిండేలోపే వేస్తాం, ఆ తర్వాత టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా) మాత్రమే ఇస్తాం. అందులో కోరింత దగ్గు నుంచి రక్షణ ఉండదు. అంటే బడి మూసి ఉన్నా పిల్లల వయసు ఆగలేదు, ఆరున్నరేళ్ల బిడ్డకు మిగిలింది కొన్ని నెలలే. ముందుగా హాజరు పట్టీలోని పుట్టిన తేదీలను బట్టి ఏడేళ్లకు దగ్గరపడిన వారి జాబితాను, పదేళ్లకు టీడీ తప్పినవారి జాబితాను విడిగా రాసి మాకు పంపండి. తక్కువమంది వచ్చారని సీసా తెరవడానికి వెనుకాడవలసిన పని లేదు. డీపీటీ, టీడీ సీసాలను నియమం ప్రకారం చల్లగా కాపాడితే తెరిచాక కూడా 28 రోజుల వరకు వాడవచ్చు. 2017లో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమాన్ని మనం బడుల్లోనే నడిపాం కదా, దారి మనకు కొత్త కాదు.

జవాబు: ఆరో తరగతి బాలిక తల్లి

ఒక్క మాట చెప్పాలనిపించింది. బడికి నర్సమ్మ వచ్చిందంటే కరోనా టీకాను పిల్లల మీద ప్రయోగిస్తున్నారని మా వీధిలో పుకారు లేచింది. పద్దెనిమిదేళ్ల లోపు వారికి ఆ టీకా ఇంకా మొదలే కాలేదని, ఇవి పాత టీకాలేనని అంగీకార పత్రంలో పేర్లతో సహా తెలుగులో రాయండి. చదవలేని వారికి ఆశా కార్యకర్త సాయంత్రం ఇంటికి వచ్చి చెబితే మేలు, పగలు ఎవరూ ఇంట్లో ఉండరు.

జవాబు: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి

గుంపు గురించి మీ భయం న్యాయమైనదే. తరగతికి ఒక సమయం ఇచ్చి, గాలి ఆడే వరండాలో మాస్కులతో దూరంగా కూర్చోబెట్టండి. టీకా వేసిన అరగంట వరకు పిల్లలను పంపకుండా వేరే గదిలో ఉపాధ్యాయులు గమనిస్తూ ఉండాలి, అత్యవసర మందుల పెట్టె మా దగ్గర ఉంటుంది. పెద్ద పిల్లలు సూదిని చూసి కళ్లు తిరిగి పడిపోవడం మామూలే కనుక, ఎవరినీ ఖాళీ కడుపుతో పంపకండి. ఆ రోజు రాని పిల్లల పేర్లు మాకు చేరాలి, తరచూ టీకా తప్పేది వారికే.